తెరిచి ఉన్న ఫైలు

“ఈ ఫైలును మరొకరు తెరిచి ఉంచారు.”

తెర మీద ఆ మాట చూసి యామిలే చేతులు మీటల మీదే ఆగిపోయాయి.

గదిలో ఉన్నది ఒక్కటే కంప్యూటరు. దాని ముందు తనే కూర్చుంది.

నది ఒడ్డున ఉన్న సాన్ ఎలోయ్ ఊరికి సైరన్ మోగించేది ఆ పాత యంత్రమే. అగ్నిపర్వతం మీద మంచు కరిగి బురద కదిలితే, కొండ మీది పరికరం ఈ ఫైలులో “బురద” అని రాస్తుంది. వెంటనే సైరన్ మోగుతుంది.

యంత్రాన్ని నడిపే యూనిక్స్ తరహా వ్యవస్థను దాని తయారీదారులే ఎప్పుడో వదిలేశారు. దాని మీద ఫైళ్ళు తెరిచి రాసే కొత్త ఎడిటర్ ప్రోగ్రామును నడిపించడానికి యామిలే నానా తంటాలు పడింది. తీరా నడిస్తే, మొదట పలికిన మాట ఇది.

“మరొకరంటే ఎవరు, విల్మర్?”

కాపలాదారు విల్మర్ గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నాడు. “నన్నడుగుతారేంటి ఇంజినీరమ్మా! పాత ఎడిటర్ ఎప్పుడైనా ఇలా నోరు విప్పిందా? దయ్యాన్ని మీరే తెచ్చిపెట్టారు.”

“దయ్యం కాదు, దొంగ. బయటి నుంచి ఎవడో దూరాడు.”

ఆ ఫైలులోకి వచ్చే దారుల్లో కొండ మీది పరికరానిది ఒక్కటీ ఉంచి, మిగతావన్నీ యామిలే మూసేసింది.

మర్నాడు గేటు దగ్గర ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎండ కాస్తోంది. ఆయన బూట్లకు మాత్రం తడి బూడిద.

“నా దారి మూసేశారు తల్లీ. తెరవండి.”

“ఓహో, దూరింది మీరేనా! పోలీసుల్ని పిలవనా?”

“పిలవండి. ముందు తెరవండి. కొండ కదులుతోంది.”

“కొండ సంగతి చూసుకోడానికి పరికరం ఉంది.”

“అదా...” ఆయన కొండకేసి చూశాడు. గబగబా నది వైపు నడిచాడు.

“తాతా, వేడిగా పనెలా బెల్లం పానకం తాగిపో! బుర్ర కుదుటపడుద్ది!” అని విల్మర్ వెనక నుంచి కేకేశాడు.

పక్షులు ఒక్కటీ అరవడం లేదని యామిలే అప్పుడు గమనించింది.

ఆ మధ్యాహ్నమే బురద వచ్చింది. సైరన్ మోగలేదు.

ఊళ్లో వాళ్ళు మాత్రం బతికారు. ఎవరో ముసలాయన డబ్బా వాయిస్తూ ఇంటింటికీ వెళ్లి జనాన్ని గట్టెక్కించాడట. ఆఖరి ఇంటి దగ్గర బురద ఆయన్ను అందుకుంది.

పరికరం ఎందుకు పలకలేదో చూద్దామని యామిలే, విల్మర్ కొండెక్కారు.

మూత తీస్తే లోపల కందిరీగల గూడు. తీగలు ఏనాడో తుప్పుపట్టి తెగిపోయాయి.

పక్కనే గుడిసె. మంచు కొండ కనిపించే కిటికీ. ముందు అరిగిపోయిన కుర్చీ.

ఎదురుగా ఇంకా వెలుగుతున్న తెర.

“బురద.” “ప్రవేశం లేదు.” “బురద.” “ప్రవేశం లేదు.” పై నుంచి కింద దాకా అవే మాటలు.

ఇన్నేళ్ళూ ఊరిని లేపిన సైరన్ ఆ కుర్చీలోనే కూర్చునేది.