తిరగేసిన మోత

ఆ ఆదివారం దొబ్రినా పెరట్లో కూర్చుని, కాల్చిన ఎర్ర మిరపకాయల తొక్క తీస్తోంది. గేటు దగ్గర ముక్కూ మొహం తెలియని మనిషొకడు వచ్చి నిలబడ్డాడు.

"పచ్చడికేనా అమ్మా? మీ చెల్లెలికో సీసా దాచారా?"

ఆమె చేతిలో కత్తి ఆగింది. చెల్లెలు నెవెనా సరిహద్దు దాటి పారిపోయిందని వీధి మొత్తానికీ తెలుసు. ఆ పేరెత్తే ధైర్యం మాత్రం ఒక్కరికీ లేదు.

"నీకెందుకయ్యా? వాటా కావాలా?"

అతను ఇంట్లో గురగురలాడుతున్న రేడియో వైపు చూపించాడు.

"ఆ మోత ఆపనా?"

పరాయిదేశపు రేడియోలో నెవెనా ప్రతి ఆదివారం బల్గేరియన్‌లో మాట్లాడుతుందని ఎవరో చెప్పారు. చెప్పడమే. చెల్లెలు నోరు విప్పే వేళకి కొండమీది సర్కారు టవరు సరిగ్గా ఆ గొంతు మీదే మోత పెట్టేది. అసలు చెల్లెలు బతికుందో లేదో కూడా దొబ్రినాకి తెలియదు.

"పోలీసుల మనిషే. వాలకం చూడు," గొణిగాడు ఆమె భర్త స్తానోయ్.

"అయితే అవనీ. నా చెల్లెలి గొంతు నా ఇంట్లో వినడానికి ఒకడి సెలవు కావాలా? లోపలికి రావయ్యా."

అతను సంచిలోంచి సబ్బు డబ్బా తీశాడు. లోపల ఓ తీగచుట్ట, కెపాసిటర్లు, ట్రాన్సిస్టరు. మూత మీద తిప్పడానికి రెండు మీటలు. కొండకేసి ఇంకో ఏరియల్ తీగ కట్టాడు.

"మీ పాత తీగలో గొంతూ మోతా కలిసి వస్తాయి. ఈ కొత్తదాంట్లో దాదాపు అంతా మోతే. దాని అలని ఈ డబ్బాలో కాస్త వెనక్కి జరుపుతా. అక్కడ అల లేచేటప్పుడు ఇక్కడ పడుతుంది. ఒకదాన్నొకటి తినేస్తాయి."

"మరి గొంతో?"

"అది వేరే దిక్కునుంచి వస్తుంది. దాని జోలికి ఇది పోదు."

మీట నెమ్మదిగా తిప్పాడు. మోత సన్నబడింది, మూలిగింది, పోయింది.

"...అక్కా, మిరపకాయల రోజులొచ్చాయి. ఎప్పటిలాగే నాకో సీసా దాచు."

దొబ్రినా ఆ మిరప చేతులతోనే మొహం కప్పుకుని ఏడ్చింది.

స్తానోయ్ అతని కాలరు పట్టుకున్నాడు. "సీసా సంగతి నీకు ముందే ఎలా తెలుసురా? ఎవడు పంపాడు నిన్ను?"

అతను కాలరు విడిపించుకుని సంచి భుజాన వేసుకున్నాడు. అది చూసి దొబ్రినాకీ ఒళ్ళు మండింది.

"వెళ్ళు. మళ్ళీ మా గడప తొక్కావంటే ఊరుకోను."

అతను గేటు దగ్గర ఆగాడు. "వాన పడితే కుడి మీట కొంచెం సరిచేసుకోవాలమ్మా," అని వెళ్ళిపోయాడు.

డబ్బా మాత్రం ఉండిపోయింది. వీధిలో ఇంటింటా అలాంటివే పుట్టుకొచ్చాయి.

పచ్చళ్ళ పని పూర్తికాకముందే, ఓ ఆదివారం పక్కింటి పెనా పరిగెత్తుకొచ్చింది.

"విన్నావా? రాదోయ్ అని, కొండమీద పనిచేసేవాణ్ణి పట్టుకుపోయారట. ఈ సబ్బు డబ్బాలు చేసింది వాడేనట. అక్కడ కాపలా ఉండే మా తమ్ముడు చెప్పాడు."

"కొండమీద వాడికేం పని?"

"మోత పెట్టేది వాడేగా. గొంతు ఎక్కడుందో విని వెతికి, దాని మీద మోత వేసి వదిలితే, ఇక అదే మోగుతూ ఉంటుంది."

దొబ్రినా లేచి, కిటికీ రెక్కలు బార్లా తెరిచి, రేడియో వీధి చివరిదాకా వినపడేలా పెంచింది.

"పిచ్చా నీకు? నిన్నూ తీసుకుపోతారు," అంది పెనా.

"రానీ."

చెల్లెలి సీసా పక్కన ఇంకో సీసా పెట్టింది.

తను ఒక్క మాటా వినలేకపోయిన ఇన్నేళ్ళూ, నెవెనా పంపిన ప్రతి కబురూ విన్నవాడు ఆ ఊళ్ళో అతనొక్కడే.