తాత చెయ్యి పెట్టని కళ్ళు

మా మనవరాలు మునీశ్వరి బొమ్మల చదువులో ఎమ్మే దాకా వచ్చింది. ఈ కాలం పిల్లలు చచ్చిపోయిన పనివాళ్ళ చేతుల్ని తొడుగుల్లాగా వేసుకుని గీస్తారు. దానికి వాళ్ళ తాత, అంటే మా ఆయన చెయ్యి దొరికింది. కాళహస్తిలో అరవై ఏళ్ళు కలంకారీ వేసిన చెయ్యి అది. తొడుక్కుంటే చాలు, గుడ్డ మీద గీత దానంతటదే నడుస్తుంది.

ఆఖరి పరీక్షకు సీతమ్మ బొమ్మ వేస్తా ఉంది. నగలూ, కొంగూ అన్నీ అయినాయి. కళ్ళ దగ్గరికి రాగానే చెయ్యి ఆగి, రంగుగిన్నె అంచు మీద రెండుసార్లు తట్టింది.

"మళ్ళీ ఇదే అవ్వా! నెలనుంచీ ఇంతే. రేపు కాలేజీలో చూపించాల. కళ్ళు లేని సీతమ్మకు ఎవరు మార్కులేస్తారు?"

ఆ తట్టుడు నాకు తెలుసు. చూపు మందగించినాక ఆయన బొమ్మలకు కళ్ళు పెట్టిందే లేదు. అట్లా రెండుసార్లు తడితే నేను వంటింట్లో నుంచి వచ్చి పెట్టేదాన్ని. ఆ సంగతి ఊళ్ళో ఎవరికీ తెలీదు.

చెప్పినాను.

"అయితే నువ్వే పెట్టు అవ్వా."

"అప్పుడు పాసయ్యేది నేను గదే, పిచ్చిదానా! ఆ తొడుగు తీసి నువ్వే పెట్టు. నీ చేతికేం రోగం?"

తీసి చాప మీద పెట్టింది. వట్టి చేత్తో కలం పట్టి కళ్ళు గీసింది. ఎడమ కన్ను కొంచెం కిందికి జారింది గానీ, రెండు కళ్ళూ తెరుచుకున్నాయి.

"అవ్వా, ఇవి నావే!" అని నవ్వింది.

సీతమ్మ మా ఇద్దరినీ చూడలేదు. చాప మీది తొడుగును చూస్తా ఉంది. ఆ తొడుగు మెల్లగా లేచి గిన్నె అంచు మీద రెండుసార్లు తట్టింది.

"వస్తా ఉండా" అని నేను లేచినాను.