ఒక్క కుర్చీ

సంచీలో రెండు లుంగీలు పెట్టింది యాదలక్ష్మి. రెండు తువ్వాళ్లు పెట్టింది. బనీన్లు కూడా సర్దబోతుంటే భర్త రాజేంద్రప్రసాద్ ఆపాడు.

"అవి వద్దు. గుండీల అంగీలు పెట్టు. ఒక గిలాస, చెంచా గూడ పెట్టు."

"పోయేది మీ తమ్ముడు గోపాల్ ఇంటికే గదా? ఆయన ఇంట్ల గిలాసలు లేవా?"

"ఉంటయ్. అయినా పెట్టు."

ఏడాదిగా ఇదే వరస. నెలకోసారి హైదరాబాద్ ప్రయాణం. రెండు మూడు రోజులు అక్కడే. ఎందుకంటే, హోం థియేటర్ సామాను చూడటానికి అంటాడు. అబద్ధం అనడానికి లేదు. వచ్చిన ప్రతిసారీ చేతిలో ఏదో ఒక డబ్బా ఉండేది. ఒకసారి ప్రొజెక్టర్. ఒకసారి స్పీకర్లు. ఒకసారి గోడలు దడదడలాడించే వూఫర్.

కరెంటాఫీసులో ఉద్యోగం చేసినన్నాళ్లూ సినిమా అంటే హాల్లోనే చూడాలనేవాడు ఈ మనిషి. ఆదివారం వస్తే ఆమెను స్కూటర్ మీద మ్యాట్నీకి తీసుకుపోయేవాడు. ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కనే కూర్చునేవాడు. తెర మీది మాట ఆమెకు అందకపోతే చెవిలో చెప్పేవాడు. వెనక వరసవాళ్లు విసుక్కున్నా మానేవాడు కాదు.

అందుకే రిటైరయ్యాక ఈ పిచ్చి పట్టుకుంటే ఆమె సంబరపడింది. మామ రెండు మగ్గాలు ఆడించిన గది ఏళ్లుగా ఖాళీగా ఉంది. అందులో ఇద్దరూ కాళ్లు చాపుకుని సినిమా చూడొచ్చు అనుకుంది.

మొన్న కుర్చీ వచ్చింది. మెత్తటి, పెద్ద కుర్చీ. మీట నొక్కితే వెనక్కి వాలుతుంది. ఇంకో మీట నొక్కితే ముందుకు లేచి, మనిషిని మెల్లగా నిలబెడుతుంది.

"రెండోది ఆటోల ఉన్నదా?" అని అడిగింది యాదలక్ష్మి.

సామాను బిగించడానికి వచ్చిన నరేశ్ మీసం గోక్కున్నాడు. "సారు ఒక్కటే చెప్పిండమ్మా."

ఆమె భర్త వైపు తిరిగింది. ఆయన గోడకు టేపు పెట్టి కొలుస్తున్నాడు.

"ఒక్కటే చాలు," అన్నాడు, తల తిప్పకుండానే.

"ఇంట్ల ఇద్దరం ఉన్నం గదా?"

"జాగ చాలదు లక్ష్మీ."

రెండు మగ్గాలు పట్టిన గదిలో రెండు కుర్చీలకు జాగ చాలదట!

పైగా తెర ఎంత ఎత్తున ఉండాలో చూడటానికి ఆమెనే అందులో కూర్చోబెట్టాడు. "కదలకు. నరేశ్ గురుతు పెట్టుకుంటడు," అన్నాడు. గోడ మీద గీత పడగానే ఇక లెమ్మన్నాడు. కొలత బద్దకూ తనకూ తేడా ఏముందనిపించింది ఆమెకు.

స్పీకర్ల దగ్గర నరేశ్‌తోనూ పేచీ పెట్టుకున్నాడు.

"ఎడమ దిక్కు గింత పెంచితే సౌండంత ఒక్క పక్కకే వస్తది సార్. మజా పోతది."

"పోనియ్. నేను చెప్పినట్టు పెట్టు."

చివరికి అద్దానికున్న ఆమె బొట్టుబిళ్లలు కూడా తీసుకుపోయి రిమోట్‌కు అంటించాడు. ఎర్రది ఒక మీట మీద, ఆకుపచ్చది ఇంకో మీట మీద.

"నా బొట్టుబిళ్లలు గూడ నీ మిషన్‌కే కావాల్నా?"

"రెండే గదా తీస్కున్న!" అని నవ్వాడు.

పక్కింటి అంజవ్వ పిట్టగోడ మీది నుంచి అంతా చూసింది.

"యాదక్కా, కుర్చీ ఒక్కటే దిగిందేంది? సారు నిన్ను గడప అవతల కూసోబెట్టి సినిమా జూస్తడా?" అని పకపకా నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "నెలనెల పట్నం పోవుడేంది? ఆడ ఎవలన్న ఉన్నరేమో, జర చూస్కో."

"నీ నోట్ల మన్ను వడ," అని తిట్టి లోపలికి వచ్చేసింది యాదలక్ష్మి. తిట్టింది గానీ, ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఈ పొద్దున అది నిజమైంది. పెరట్లో ఆయన ఫోన్ మాట్లాడుతుంటే, తలుపు సందున, బాగా వినబడే ఎడమ చెవి పెట్టి విన్నది.

"వస్తున్న మేడమ్. లేదు, ఇంట్ల ఇంక చెప్పలే. మీరున్నరు గదా, నాకేం భయం లేదు."

ఇప్పుడు సంచీ జిప్పు లాగి, ఆయన ముందు ధన్‌మని పెట్టింది.

"ఎవలామె?"

"ఎవలు?"

"ఫోన్ల మేడమ్."

ఆయన ముఖం పాలిపోయింది. సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

"వచ్చినంక చెప్త."

"ఆ ఒక్క కుర్చీ ఆమెకేనా?"

నవ్వబోయి ఆగిపోయాడు. "గురువారం వస్త లక్ష్మీ. అంత చెప్త. గప్పటిదాక ఆ కుర్చీల కూసోని ఒక్క సినిమా చూడు. ఎర్ర బిళ్ల ఒత్తు, అదే నడుస్తది."

"ఆమెనే పిలుచుకొచ్చి చూపెట్టు. నాకక్కర లేదు."

ఆయన సంచీ భుజాన వేసుకున్నాడు. ఎప్పుడైనా ఆయన వీధి మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడేది. ఇవాళ చెప్పులు తొడుక్కుంటుండగానే తలుపు మూసేసింది.

తర్వాత బీరువా మీది నుంచి ఇంకో సంచీ దించింది. తన చీరలు సర్దుకుంది. పుట్టినూరు తొగుటలో ఉన్న తన తమ్ముడికి ఫోన్ చేసి, గురువారం వస్తున్నానని చెప్పింది. ఆయన రాకముందే వెళ్లిపోవచ్చు. కానీ ముఖం మీద అడిగి మరీ వెళ్లాలి. ముప్పై ఎనిమిదేళ్లు పక్కన కూర్చున్నదాన్ని, ఇంత మోసం ఎట్లా చేయబుద్ధయింది అని అడగాలి. ఆ మాటలు మంగళవారమంతా నోట్లోనే నూరుకుంది. గురువారం దాకా ఆగలేక, బుధవారం పొద్దున్నే సంచీ తెచ్చి గడప పక్కన పెట్టుకుని కూర్చుంది.

రాజేంద్రప్రసాద్ తిరిగి రాలేదు. ఆ బుధవారం పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు, ఏడాదిగా కడుపులో గడ్డకు మందులిస్తున్న డాక్టరమ్మ ఆపరేషన్ చేస్తుండగా, హైదరాబాద్‌లో ఒక దవాఖానలో చనిపోయాడు.