మేడ కిటికీ బేరం

"తలుపులు మునిగాయి నాన్నా. ఇంటికెళ్ళిపోదాం పద," అన్నాడు మోరిస్.

"తలుపులు మునిగితే కిటికీలున్నాయి కదరా!" ఇసిడోర్ గ్రోమన్ మేడ కిటికీ తెరిచి నిచ్చెన దించాడు. తను పెట్టిన కొట్టుని ఏ వరదకీ మూసిన మనిషి కాదాయన.

ఒహాయో నది పొంగి వీధిలో కొట్ల పేర్ల బోర్డులన్నిటినీ ముంచేసింది. మొదటి పడవలో వచ్చినావిడ, తడిసి నోళ్ళు తెరిచిన బూట్లని బల్ల మీద పెట్టింది.

"పోయిన వారమే మీ దగ్గర కొన్నాను. మార్చివ్వండి."

మోరిస్ అడుగున ముద్ర చూశాడు. ఎదురు కొట్టు ప్రెంటిస్ వాళ్ళది! బోర్డులు కనపడక కొట్టు పోల్చుకోలేదావిడ. ఆ మాట చెప్పబోతే తండ్రి మోచేత్తో పొడిచాడు.

"దానికేం అమ్మా! ఒరేయ్, ఈ కొలతవి పట్రా."

కొత్తజత తొడిగి చూసుకుని ఆవిడ మురిసిపోయింది. "మీరు తెరిచారు, బతికాను. లేకపోతే ఎదురుగా ఆ మూటలోడి కొట్టుకి పోవాల్సొచ్చేది. మా ఇంట్లో ఎవరూ వాడి గడప తొక్కరు."

మోరిస్ చెవులు ఎర్రబడ్డాయి. ఒకప్పుడు వీపున గుడ్డల మూటతో ఈ ఊరంతా తిరిగింది తండ్రే. ఆ సంగతి ఎవరూ ఎత్తకుంటే బాగుండుననుకునేవాడు తను.

"గడప నీళ్ళలో ఉందిగా, తొక్కే పనే లేదు," నవ్వాడు ఇసిడోర్. "మన కాగితంలో చుట్టివ్వరా."

మోరిస్ 'గ్రోమన్' అన్న పెద్దక్షరాలు పైకొచ్చేలా చుట్టి, రెండు ముళ్ళు బిగించి, ఆవిడ నిచ్చెన దిగాక పొట్లం పడవలోకి అందించాడు.

పడవ కదిలాక ఆవిడ పొట్లం చూసి చటుక్కున తలెత్తింది.

"మళ్ళీ రండమ్మా! మీ ఇంట్లోవాళ్ళందర్నీ తీసుకురండి!" కిటికీలోంచి వంగి, వీధుల్లో మూటమోసే మనిషిలా గొంతెత్తి కేకేశాడు మోరిస్.