ఊపిరాడటం లేదు

“డాక్టరు గారికి ఊపిరాడటం లేదమ్మా. ఇవాళ ఇంకెవర్నీ చూడరు, వెళ్ళండి,” అంది చీటీలిచ్చే అమ్మాయి, తలుపుకి అడ్డంగా నిలబడి.

బస్సు కండక్టరు పెళ్ళానికి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? మెట్టుకొకసారి మొగుణ్ణి కూర్చోబెట్టి, బతిమాలి, లేపి, ఈ పై అంతస్తు దాకా లాక్కొచ్చిన మనిషి.

“ఆయనకి ఊపిరాడకపోతే మాకేదో తెగ ఆడుతున్నట్టు! పనులు ఆయనొక్కడికేనా తల్లీ ఉన్నది?”

“నన్నేం చెయ్యమంటారండీ? పొద్దుట్నుంచీ ఇదే వరస.”

“ఊపిరాడకపోవడమంటే ఏంటో ఇదిగో, ఈయన్ని చూసి చెప్పు!”

ఆ అమ్మాయే కాదు, గదిలో ఉన్నవాళ్ళందరూ చూశారు. గోడవార బెంచీ మీద కండక్టరు రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, భుజాలెగరేసి గాలి లాక్కుంటున్నాడు. ఒకప్పుడు ఆయన “రైట్” అన్నాడంటే వెనకున్న బస్సు కూడా కదిలేది. ఇప్పుడు “టికెట్” అన్న మాటని రెండు ముక్కలు చేస్తే గానీ అనలేడు.

ఊపిరితిత్తుల డాక్టరు గుండె డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. గుండె డాక్టరు నరాల డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. ఆయనేమో అన్నీ తిరగేసి, “నిక్షేపంలా ఉన్నారు, మనసులోనే ఏదో దిగులు” అని తేల్చేశాడు. ఉండదా దిగులు? గాలందని మనిషికి దిగులు కాక సంబరం ఉంటుందా? డిపోలో చూస్తే, “జబ్బయితే పేరు చెప్పు, లేదంటే బస్సెక్కు, రెండూ కాకపోతే ఉద్యోగం వదులుకో,” అంటున్నారు. ఆ పేరు చెప్పగలిగేది ఈ పెద్ద డాక్టరొక్కడేనని పదిమందీ అంటే వచ్చారు.

“పోదాం... పదవే,” అన్నాడు కండక్టరు. “ఈయనా... అదే... అంటాడు.”

“మీరు మాట్లాడకండి. ఉన్న కాస్త ఊపిరీ దాచుకోండి!” అని కసిరింది. కసరడమే గానీ, పడుకున్నప్పుడు మొగుడి ఛాతీ మీద చెయ్యేసి, లేస్తోందో లేదో చూసుకుంటూ తెల్లవార్చే మనిషి పాపం.

“అమ్మాయ్, నీ కాళ్ళు పట్టుకుంటాను. నయం చెయ్యమని కూడా అడగను. ఆ మాయదారి జబ్బు పేరేంటో చెప్పమను, చాలు.”

“కుదరదండీ. లోపలికి ఎవర్నీ రానివ్వొద్దన్నారు.”

“దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా? జరుగు!”

మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుని, ఆ పిల్లని భుజంతో పక్కకి తోసి, తలుపు నెట్టుకుని లోపలికెళ్ళింది.

లోపల రోగులెవరూ లేరు. ఫోను మోగటం లేదు. బల్ల మీద కాగితమన్నది లేదు. బల్ల వెనక కుర్చీలో డాక్టరు గారు సగానికి వంగిపోయి, చొక్కా గుండీలు ఊడదీసుకుని, ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి మూస్తున్నారు.

ఆయన తలెత్తి, కండక్టరు ఎగశ్వాసని కాసేపు అలాగే చూశారు. కళ్ళలో ఎక్కడలేని ఆశా వచ్చింది.

“మీక్కూడా... ఇదేనా?” అన్నారు. “మీరు... ఏ డాక్టరుకి... చూపించుకుంటున్నారు?”