చట్నీలో ఉప్పు

“కట్! ఎవరు నవ్వింది?”

డైరెక్టర్ రాజగోపాల్ తలమీది టోపీ తీసి నేలకు కొట్టాడు. బీదవాళ్ల ఇల్లు కావాలని పుంగనూరు నుంచి సోమల దాకా వెతికి, చివరికి గోవిందప్ప ఇంటిని పట్టుకున్నాడు. మద్రాసు నుంచి యూనిట్ దిగి నాలుగు రోజులైంది. ఇదే ఆఖరి షాటు. మొగుడి వేషం కట్టిన పెద్ద నటుడు సాయంత్రానికల్లా బెంగుళూరులో విమానం ఎక్కాలి. ఇప్పుడు తీయలేకపోతే సీనే పోతుంది.

నవ్వింది ఇంటామె నారాయణమ్మ. తలుపు పక్కన, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నిలబడి ఉంది.

“యాల నవ్వుతావు మే? ఊరకుండలేవా?” గోవిందప్ప పెళ్లాన్ని కసిరాడు.

“నవ్వక? ఆయప్ప బోరున ఏడుస్తా, ‘నేను తినొచ్చినా, నువ్వు తిను’ అంటాండాడు. అట్ల చెప్తే ఏ ఆడది నమ్ముతాది? ముద్ద గొంతు దిగుతాదా?”

బయట మిట్టమధ్యాహ్నం. తలుపుకూ కిటికీకీ నల్లగుడ్డ కట్టి లోపల రాత్రి చేశారు. కథలో అది కరువు రోజు. పిల్లలు తిని పడుకున్నారు. కుండలో మిగిలింది ఒకటే రాగిముద్ద. మొగుడు తిన్నానని అబద్ధం చెప్పి, దాన్ని పెళ్లానికి వదలాలి.

“అమ్మా, ఇది సినిమా. జనం ఏడవాలి” అన్నాడు రాజగోపాల్.

“జనం ఏడిస్తే ఏడవనీ నాయనా. ఆయప్ప యాల ఏడ్సేది?”

వాకిట్లో గుమిగూడిన ఊరివాళ్లు గొల్లుమన్నారు. నారాయణమ్మకు ఊపు వచ్చింది.

“ఇంగోటి. నా వంటింట్లో ఆ బూజేంది, తెచ్చి అంటించినారు? కూడు లేకపోతే కసువు కూడా ఊడ్సుకోమా? రేపు ఈ సినిమా పుంగనూరు టాకీసులో పడితే నన్నేమనుకుంటారు?”

గోవిందప్పకు తలకొట్టేసినట్టయింది.

“పస్తు సంగతి నీకేం తెలుసు మే? నా ఇంట్లో ఒక్క రాత్రన్నా కడుపు మాడ్సుకొని పండుకుంటివా?” అని, డైరెక్టర్ వైపు తిరిగాడు. “సారూ, దాని మాట పట్టించుకోవద్దండి. మా పక్క రాత్రి ముద్ద నీళ్లల్లో ఏసి పెడితే తెల్లారికి సద్ది. ఎంత కరువులో అయినా, సద్దిచెంబు లేకుండా నేను సేనికి పోయిన దినం లే. అట్ల నడిపినా సంసారం.”

నారాయణమ్మ కొంగు మళ్లీ నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్ద నటుడు కళ్లు తుడుచుకుంటూ లేచాడు. “మరి ఎలా చెయ్యాలో నువ్వే చూపించమ్మా.”

రాజగోపాల్ గడియారం చూసుకున్నాడు. “త్వరగా.”

నారాయణమ్మ గోవిందప్ప భుజం మీది తువ్వాలు లాక్కొని తన భుజాన వేసుకుంది. చీపురుపుల్ల ఒకటి విరిచింది. వాకిట్లోకి పోయి, ఆ పుల్లతో పళ్లు కుట్టుకుంటూ మళ్లీ గడప తొక్కింది. పొయ్యి వైపు చూడలేదు. పొయ్యికి వీపు పెట్టి కూర్చొని, పెద్దగా తేన్చింది.

“సంతలో ఒకాయన ఇడిసిపెట్టల్యా. హోటలుకు ఈడ్సుకోని పాయ. ఆరు దోసెలు. వద్దన్నా ఏస్తాండాడు. చట్నీ అయితే ఒకటే ఉప్పు, నోరంతా దప్పికైపోతాంది. ఇన్ని నీళ్లు తే మే.”

చెంబెడు నీళ్లు గటగటా తాగినట్టు చేసి, మూతి తుడుచుకుంది.

“ఇంగో చెంబు తే. ఆ ముద్ద నువ్వు తినేయి. మిగిల్చి కుక్కకేసినావో, సూడు మళ్ల.”

ఎవరూ నవ్వలేదు. పెద్ద నటుడు ఆమె చేతిలో పుల్ల తీసుకొని బయటికి పోయాడు. లోపలికి వచ్చాడు, తేన్చాడు, చట్నీని తిట్టాడు. రెండు చెంబుల నీళ్లూ నిజంగానే తాగాడు. కంట చుక్క రాలేదు. లైటు పట్టుకున్న మనిషి మాత్రం ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

“ఓకే” అన్నాడు రాజగోపాల్, మెల్లగా. “ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇదంతా?” అని అడిగాడు.

“నేర్సుకునేదేముంది నాయనా. ఈ గడప కాడ సూసిందే.”

గోవిందప్ప తువ్వాలు వెనక్కి తీసుకొని, ఎవరికీ కనపడకుండా పశువుల కొట్టం వైపు నడిచాడు.

పొద్దువాలే లోపల కార్లూ వ్యాన్లూ పలమనేరు దారి పట్టాయి. నారాయణమ్మ నల్లగుడ్డ తాళ్లు తెంపి పడేసి, వంటింట్లో వాళ్లు అంటించిపోయిన బూజు దులుపుతోంది. గోవిందప్ప వచ్చి గడప మీద కూర్చున్నాడు.

“అయితే నీకు తెలుసునా?”

“తొలిదినమే తెలుసు.”

“ఎట్ల? నేను బాగా సేయల్యా?”

“బాగనే సేస్తివి. ఆ హోటలోడు ఉప్పేసేదానికి కూడా ఏడుస్తాడని ఊరంతా చెప్పుకుంటాంటిరి. వాని చట్నీలో నీకొక్కనికే ఉప్పెక్కువాయ.”

గోవిందప్పకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వు సగంలోనే ఆగింది. కాసేపు కాలివేలితో మట్టి గీరాడు.

“తెలిసీ తెలిసీ, ఆ ముద్ద ఎట్ల తినబుద్ధాయ మే నీకు?”

నారాయణమ్మ చీపురు ఆపకుండానే అంది.

“తెల్లారి నీ సద్దిచెంబులోకి ముద్ద యాడ్నించి వస్తాందనుకుంటివి?”