రాకాసిబల్లికి కనుదెరుపు

"కోడిని బలి ఇయ్యకుండా మట్టిబొమ్మకు కండ్లు తెరిచేది మా వళక్కం, మా ఆచారం కాదు, సార్," అన్నాడు ఊరిదేవుడు అయ్యనారుకు మట్టిగుర్రాలు చేసే వేలుసామి. అతని ఒక చేతిలో కుంచె, మరొక చేతిలో కత్తి ఉన్నాయి; కాళ్ల దగ్గర ఒక కోడిపుంజు కట్టేసి ఉంది.

"ఇది దేవుడు కాదయ్యా! కోట్ల ఏండ్ల కిందట నశించిన చిన్న రాకాసిబల్లి. నాలుగు గంటలకు సభలో దీనిని చూపి నేను ఉపన్యసించాలి."

"ఏం తినేది, సార్?"

"మాంసం," అన్నాను. విశ్రాంత ప్రధానోపాధ్యాయుణ్ణి, అబద్ధమాడలేను.

"అట్లయితే కోడి ఇయ్యాల్సిందే!"

గుడ్డి బల్లితో సభకు వెళ్లడం ఎంత అప్రతిష్ఠ! సరేననబోతూ బొమ్మ కాళ్లు చూశాను. మూడేసి వేళ్లతో అవి అచ్చం సజీవంగా ఉన్నాయి.

"నేనిచ్చిన పటంలో ఎముకలే కదా? ఈ కాళ్లెట్లా చేసినావు?"

"ఈ కోడిని చూసే చేసినాను, సార్."

నేను నిర్ఘాంతపోయాను. "వేలుసామీ, ఈ రెండూ చుట్టాలేనని ఇంగ్లీషు సీమ పండితులు కొందరు వ్రాశారు. ఇది తాత, అది మనుమడు."

కత్తి కిందపడింది. "అయ్యయ్యో! తాతకు మనవణ్ణే పెట్టేదా?"

కోడికి బదులు నిమ్మకాయ కోసి, బొమ్మకు కండ్లు దిద్ది, కోడిని నా చేతికిచ్చాడు.

"దీన్ని కూడా తోడుకొని పోండి, సార్. తాత ఒంటిగా పోతే బాగుండదు."

ఆనాటి సభలో తొలి పలుకు నాది కాదు, మనుమడిది.